మూత మిగిలింది

నేను అమ్మేది మూతలు.
టీ కూజాలు కాదు, వాటి మూతలే.
లోస్టాఫ్ట్‌లో, సముద్రం వైపు కిటికీ ఉన్న వెనక గదిలో,
చెప్పుల పెట్టెల్లో, పాత పేపర్ల చుట్టల్లో
రెండు వందల పదకొండు మూతలు.
కూజా పగిలితే మూతని వెంటనే పారేయరెవరూ,
దానికేం పాపం తెలుసని.
మూత పగిలినవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు.
గంతకు తగ్గ బొంత. మధ్యలో
నాకు నాలుగు రాళ్లు.

మంగళవారం పొద్దున్నే అబర్డీన్ నుంచి ఆర్డరు.
నీలం అంచు, పైన పిందె లాంటి పిడి,
అడ్డంగా డెబ్బై రెండు మిల్లీమీటర్లు.
ఫార్కర్ మెల్డ్రమ్ అనే ఆయన
రెండుసార్లు మెసేజి పెట్టి అడిగి మరీ కొన్నాడు:
పెదవి లోపలికా, బయటికా?

బబుల్ కవరు మూడు చుట్లు చుట్టాను,
టేపు పళ్లతో కొరికాను,
చిరునామా రాశాను. సిరా ఆరకముందే
ఫోను బల్లమీద గిర్రున తిరిగింది.
"క్షమించండి. ఆర్డరు రద్దు చెయ్యండి.
ఇందాకే కూజా కూడా పోయింది.
పిల్లి అని చెప్పొచ్చు గానీ, నేనే."

ఆ 'నేనే' దగ్గర కాసేపు ఆగాను.

రద్దు చెయ్యాలంటే కారణం ఎంచుకోవాలి.
లోకంలో కారణాలు నాలుగే:
కొన్నవారు అడిగారు, చిరునామాలో తేడా,
సరుకు లేదు, డబ్బు రాలేదు.
కూజా చచ్చిపోయింది అన్నది వాళ్లకి తోచలేదు.
మొదటిది నొక్కబోయాను.
వేలికి టేపు ముక్క అంటుకుని ఉంది.
నొక్కుకున్నది మూడోది.

సరుకు లేదు!
సరుకు నా ముందే ఉంది, బుద్ధిగా,
బబుల్ కవర్లోంచి నన్నే చూస్తూ.

ఆయన డబ్బు ఆయనకి నిమిషంలో వెళ్లిపోయింది, వెళ్లాలి కూడా.
నా దగ్గర కోసుకున్న రుసుము,
ఒక పౌండు నలభై రెండు పెన్నీలు, వెనక్కి రాలేదు.
తప్పు అమ్మినవారిదట.
పైగా నా పేరు పక్కన ఒక మచ్చ,
పదమూడేళ్లలో మొదటిది.

సహాయం అన్నచోట నొక్కితే
డెస్మండ్ అని ఎవరో, మనిషో కాదో,
"మీ బాధ మాకు అర్థమైంది" అన్నారు.
నేనింకా బాధ చెప్పనే లేదు.

ఫోటో తీసి పంపాను: మూత, పక్కన ఆనాటి పేపరు,
ఎత్తుకుపోయినవాళ్లు బతికే ఉన్నారని చూపించినట్టు.
ఫార్కర్ మెసేజి పంపాను, 'నేనే' కింద గీత గీసి.
ఆర్డరు నంబరు, పదిహేను అంకెలు, మూడుసార్లు కొట్టాను.
వేరే విభాగానికి పంపుతున్నామన్నారు.
ఆ విభాగం మళ్లీ నంబరు అడిగింది.

గాలిమరల దగ్గరికి పడవ నడిపే మా తమ్ముడు క్లెమెంట్
బూట్లు విప్పుతూ అన్నాడు:
"ఒకటిన్నర పౌండుకి మూడు గంటలా?
నీ గంట ఖరీదెంతో లెక్కేశావా?"
వేశాను. చెప్పలేదు.
ఇది డబ్బు గురించి కాదు అని మాత్రం అనలేదు.
డబ్బు గురించే.
జరగని పెళ్లికి బాజాల కూలి
నేనెందుకు కట్టాలి?

శుక్రవారం, చెప్పాపెట్టకుండా, ఖాతాలో
ఒకటీ పన్నెండు.
ముప్పై పెన్నీలు ఉంచేసుకున్నారు.
అవి ఎవరికీ ఇవ్వరట,
ఆర్డరు పుట్టినందుకు.
పుట్టి గంట బతక్కపోయినా సరే.
మచ్చ మటుకు ఏడాది ఉంటుందట,
తర్వాత దానంతటదే పోతుందట, పులిపిరిలాగా.

ఇవేవీ ఫార్కర్‌కి రాయలేదు.
ఆయనే రాశాడు సోమవారం.
ముక్కలు అంటించడం మొదలుపెట్టాడట,
ముక్కు దగ్గర రెండు ఇంకా దొరకలేదట,
మూతి మాత్రం పూర్తిగా వచ్చిందట.
కొలిచాడట: డెబ్బై రెండు.
టీ పొయ్యను, నిలబెట్టుకుంటానంతే.
ఆ మూత ఇంకా ఉందా?

పేజీ తెరిచాను.
లేదని నేనే చెప్పానుగా,
వాళ్లు దాన్ని సున్నా చేసి కూర్చున్నారు.
లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను.
సున్నా చెరిపి
ఒకటి వేశాను.